చేవ్రాలు, నిశానీ

చి. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అన్న మాట విని ఆ పూటంతా సంతోషంగా గడిచింది. తాతమ్మ మీద పుస్తకం రాస్తానన్నావు. మన ఇంట్లో ఈ మాట అన్నవాళ్ళలో నువ్వు నాలుగోదానివి. ముందు ముగ్గురూ మొదటి పేజీ దాటలేదు. ముగ్గురూ "ఆ రోజుల్లోనే ఆమె..." అని మొదలుపెట్టారు. అలా మొదలుపెడితే పొగడ్త ఒక పేజీలో అయిపోతుంది, ఆ తరవాత రాయడానికి ఏమీ మిగలదు.

ఫోన్లో నాకు సరిగా వినపడటం లేదు. అందుకే ఈ ఉత్తరం. నేనేమీ చరిత్ర చదువుకున్నదాన్ని కాను. మా అత్తగారి శతజయంతికి అరవై పేజీల పుస్తకం వేశానని నీకు తెలుసు. అందులో ఎన్ని తప్పులున్నాయో మాత్రం నీకు తెలీదు. నీకు చెప్పగలిగేదంతా ఆ తప్పుల నుంచి నేర్చుకున్నదే.

ముందు మనుషుల దగ్గరికి వెళ్ళు. కాగితాలు ఆగుతాయి, చెదలు పట్టకపోతే. ఎనభై దాటినవాళ్ళు ఆగరు. తాతమ్మని కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా అయిదుగురమే ఉన్నాం. మమ్మల్ని కూర్చోబెట్టి "తాతమ్మ ఎలాంటిది?" అని మాత్రం అడగకు. అలా అడిగితే అందరం ఒకటే చెబుతాం. ధైర్యవంతురాలు, దానశీలి, గాంధీ గారంటే ప్రాణం. సంతాప సభలో చెప్పే మాటలవి. వాటికి బదులు చిన్న చిన్న విషయాలు అడుగు. పొద్దున్న ఎన్నింటికి లేచేది? మీటింగుకి వెళ్ళేటప్పుడు డబ్బు ఎవరిని అడిగేది? ఆమె ఊళ్ళో లేనప్పుడు మీకు జడలు ఎవరు వేసేవారు? ఈ జడల ప్రశ్న మరిచిపోకు. దాని సంగతి తరవాత చెబుతాను.

ఒకే సంగతి ఇద్దరు రెండు రకాలుగా చెబితే తీర్పు చెప్పకు, రెండూ రాసుకో. అమ్మమ్మ (నాకు అమ్మమ్మే కదా, నీ పుస్తకంలో తాతమ్మ అని మార్చుకో) ఏడాది జైల్లో ఉందని మీ అమ్మ అంటుంది. నాలుగు నెలలేనని చిన్న మామయ్య ఎప్పుడూ వాదించేవాడు. దీని మీద ఒక పెళ్ళిలో పెద్ద గొడవ కూడా అయింది. తీరా చూస్తే ఇద్దరూ నిజమే చెప్పారు. 1930 నవంబరులో అరెస్టయింది, వేసిన శిక్ష ఏడాది. 1931 మార్చి 5న గాంధీ–ఇర్విన్ ఒప్పందం కుదిరి సత్యాగ్రహ ఖైదీలను వదిలేశారు. ఆ విడతలోనే అమ్మమ్మ కూడా రాయవేలూరు ఆడవాళ్ళ జైలు నుంచి బయటికొచ్చింది. శిక్ష ఏడాది, ఉన్నది నాలుగు నెలలు.

ఆ నాలుగు నెలల వెనక ఇంకో కథ ఉంది. 1972లో స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిన సందర్భంగా తామ్రపత్రం ఇచ్చారు. అది మన హాల్లో గోడకి ఉండేది. అదే ఏడాది సమరయోధులకు పింఛను పథకం కూడా మొదలైంది. అమ్మమ్మ పింఛను వద్దందని, దేశం కోసం చేసిందానికి డబ్బు తీసుకోనందని మనందరం గర్వంగా చెప్పుకున్నాం. నేను రెండు సభల్లో మైకు ముందు చెప్పాను కూడా. పోయిన ఏడాది ట్రంకుపెట్టె సర్దుతుంటే దరఖాస్తు నకలు దొరికింది. పెట్టుకుంది! తోటి ఖైదీ ఇచ్చిన ధ్రువపత్రం కూడా జత చేసింది. కనీసం ఆరు నెలలు జైల్లో ఉండాలన్న నిబంధన వల్ల రాలేదు. ఆడవాళ్ళకి మూడు నెలలు చాలని సడలించింది 1980 ఆగస్టు నుంచి. అమ్మమ్మ 1979లో పోయింది.

ఇది రాయాలా వద్దా అని నువ్వు తటపటాయిస్తావు. రాయి. డబ్బు అవసరమై అడిగింది, అందులో తక్కువతనం ఏముంది? తాతయ్య పోయాక ఆమె చేతికి ఏం వచ్చేదో లెక్క చూస్తే నీకే అర్థమవుతుంది.

లెక్కలంటే గుర్తొచ్చింది. తాతయ్య జమాఖర్చుల పుస్తకాలు నాలుగు నా దగ్గరున్నాయి. జిరాక్సుకి ఇవ్వకు, కుట్లు ఊడిపోతాయి. వెలుతురు దగ్గర పెట్టి ఫోనుతో ఫోటో తీసుకో. పేరున్న ఆడవాళ్ళ జీవితం రాసేవాళ్ళు ఉపన్యాసాలు వెతుకుతారు, నన్నడిగితే పద్దులు వెతకాలి. అమ్మమ్మ ఒంటి మీది నగలన్నీ గాంధీ గారికి ఒలిచి ఇచ్చేసిందని కదా మనం విన్నది. 1929లో ఆయన ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశం తిరిగినప్పుడు ఆడవాళ్ళు గాజులు, గొలుసులు తీసి ఇచ్చిన మాట వాస్తవమే. మన పద్దులో ఆ నెల "ఖద్దరు ఫండుకు బంగారు గాజులు జత 1" అని ఉంది. కాసులపేరు మాత్రం 1933లో అమ్మారు. "అప్పు వడ్డీ నిమిత్తం" అని పక్కనే రాసుంది. ఆ ఏళ్ళలో ధాన్యం ధరలు పడిపోయి భూములున్న ఇళ్ళే అప్పుల్లో మునిగాయి. రెండు సంఘటనలూ మన ఇంటి జ్ఞాపకంలో కలిసిపోయి, మొత్తం గాంధీ గారి ఖాతాలో పడింది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. వడ్డీకి నగ అమ్మామని పిల్లలకి చెప్పడం కష్టం, అంతే.

ఇక తేదీలు. మా అత్తగారి పుస్తకంలో నా మొదటి తప్పు ఇక్కడే. ఆమె ఆడపిల్లల బడి ఈశ్వర నామ సంవత్సరం మాఘమాసంలో తెరిచిందని పాత ఆహ్వానపత్రంలో ఉంది. ఈశ్వర అంటే 1937 అని చూసి అదే అచ్చు వేశాను. తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలై ఉగాదికి ముగుస్తుంది కదా. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది, అంటే అది 1938. పుస్తకం వచ్చిన వారానికే ఒక పెద్దాయన కార్డు ముక్క రాసి చెప్పారు. సిగ్గుతో చచ్చాను. పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా ఏ తేదీ కనబడినా ఒకటికి రెండుసార్లు చూసుకో. ఇంకోటి, సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. ప్రభవ అంటే 1867 కావచ్చు, 1927 కావచ్చు, 1987 కూడా కావచ్చు. తాతమ్మ పినతల్లి వైపు వాళ్ళు నిజాం రాజ్యంలో ఉండేవారు. అక్కడి కాగితాల్లో ఫసలీ అనే వేరే సంవత్సరాల లెక్క ఉంటుంది, దానికి 590 కలుపుకుంటే ఇంచుమించు మన లెక్క వస్తుంది.

తేదీ లేని ఉత్తరాలుంటే సంబోధన చూడు. "చి.ల.సౌ." అని ఉంటే భర్త ఉన్నప్పటిది. "గంగాభాగీరథీ సమానురాలైన" అని ఉంటే పోయాక వచ్చింది. అమ్మమ్మకి వచ్చిన ఉత్తరాలను నేను అలాగే రెండు కట్టలు కట్టాను. చదవకముందే జీవితం రెండుగా విడిపోయి కనిపించింది. తాతయ్య పోయినా జైలుకెళ్ళిన నాయకురాలు నాయకురాలే కదా, ఉత్తరం పైన మాత్రం మరుసటి వారమే మార్చేశారు.

అన్నిటికంటే ఎక్కువ టైము తీసుకునేది పేరు వెతకడం. మగవాళ్ళ పేరు పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒకటే ఉంటుంది. ఆడవాళ్ళకి ఇంటిపేరు మారుతుంది, కొన్ని చోట్ల ఇంటిపేరు లేకుండా "ఫలానా ప్లీడరు గారి భార్య" అని సరిపెడతారు. అచ్చులో లక్ష్మీబాయి అని ఒకచోట, లక్ష్మీబాయమ్మ అని ఇంకోచోట ఉంటే ఇద్దరనుకుంటాం. మామూలువాళ్ళ సంగతి వదిలెయ్, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారినే తీసుకో. రాజ్యాంగ సభ చర్చల్లో దేశ్‌ముఖ్ అని వెతికితే ఆమె ఒక్క మాటా దొరకదు. ఎందుకంటే ఆమె సి.డి. దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకుంది 1953లో. రాజ్యాంగ సభలో ఆమె జి. దుర్గాబాయి. అంతటి ఆమెకే అలా ఉంటే మన తాతమ్మ ఎంత? పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, తాతయ్య పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం మాత్రమే ఉన్న పొట్టిరూపం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకో.

1951–52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలకి ఓటర్ల జాబితాలు తయారుచేసినప్పుడు దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు కొట్టేశారు. వాళ్ళు సొంత పేరు చెప్పకుండా ఫలానావాడి భార్యని, ఫలానావాడి కూతుర్ని అని మాత్రమే చెప్పడమే కారణం. ఎక్కువమంది ఉత్తరాది వాళ్ళే. అయినా ఈ అంకె చదివినప్పుడల్లా నాకు మన వంటిల్లు గుర్తొస్తుంది.

పత్రికల సంగతి చెబుతాను. 1902లో బందరులో బండారు అచ్చమాంబ వాళ్ళు బృందావన స్త్రీ సమాజం పెట్టినప్పటి నుంచి ఊరూరా స్త్రీ సమాజాలు వెలిశాయి. వాటి వార్షికోత్సవాలు, ఎవరు అధ్యక్షత వహించారు, ఎవరు ఏం చదివారు, ఇవన్నీ ఆడవాళ్ళ పత్రికల్లో వేసేవారు. మొదట్లో హిందూసుందరి, 1928 నుంచి కేసరి గారి గృహలక్ష్మి. జైలు వార్తలకి ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక చూడు. ప్రెస్ అకాడమీ వాళ్ళు పాత సంచికలు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. అయితే పాత అచ్చులో పేరు కొట్టి వెతికితే దొరకదు, పేజీ తర్వాత పేజీ తిప్పాల్సిందే. కుదిరితే ఒక వారం వేటపాలెం వెళ్ళు. 1918లో పెట్టిన సారస్వత నికేతనం, పాత పత్రికలకు పెట్టింది పేరు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఎలాగూ మనకి దగ్గరే. పత్రికలో అమ్మమ్మ పేరు దొరికిన రోజు నువ్వు ఎగిరి గంతేస్తావు, నాకు తెలుసు. ఆ ఆనందంలో పక్క పేర్లు వదిలేయకు. ఆ సభలో ఇంకెవరున్నారో మొత్తం రాసుకో, రేపు వాళ్ళ మనవరాళ్ళ ఇళ్ళలో నీకు కావలసిన ఫోటో ఉండొచ్చు.

ఫోటో వెనక స్టూడియో ముద్ర ఉందేమో చూడు. ఎవరో తెలియని ముఖానికి ఊహించి పేరు పెట్టకు. నా రెండో తప్పు అదే, దాని గురించి ఎక్కువ చెప్పను. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

హిందీ పరీక్షల సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. మద్రాసు హిందీ ప్రచార సభ వాళ్ళవి, ప్రాథమిక నుంచి రాష్ట్రభాష దాకా. ముగ్గురు పిల్లల తల్లి పరీక్ష హాల్లో కూర్చుని రాసింది. వాటి మీద సొంత పేరుంది, తేదీ ఉంది. ఇలాంటి కాగితం బంగారం.

ఇప్పుడు జడల దగ్గరికి వస్తాను.

అమ్మమ్మ జైల్లో ఉండగా నీకు జడ ఎవరు వేశారని మా అమ్మని ఒకసారి అడిగాను. అప్పుడు అమ్మకి ఆరేళ్ళు. ఆలోచించకుండా "అత్తయ్య" అంది. మా చిన్నప్పుడు ఆ ఇంట్లో మాకు ఇద్దరు అమ్మమ్మలు. ఒకామె మీటింగు అమ్మమ్మ, ఇంకొకామె వంటింటి అమ్మమ్మ. వంటింటి అమ్మమ్మ తాతయ్యకి అక్క. పదమూడో ఏట భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది, మళ్ళీ గడప దాటలేదు. అమ్మమ్మ పిల్లలు ముగ్గురినీ పెంచింది ఆమే. శిబిరాల నుంచి అర్ధరాత్రి వచ్చిన కార్యకర్తలకి పొయ్యి రాజేసి అన్నం పెట్టింది ఆమే. 1934లో అమ్మమ్మ సమాజం పనుల మీద మద్రాసులో రెండు నెలలుంటే, ఇల్లు ఒక్కపూట కూడా ఆగలేదు. మన దగ్గరున్న పదకొండు ఫోటోల్లో ఆమె ఒక్కదాంట్లోనూ లేదు.

నువ్వు పుస్తకం రాయడం మొదలుపెడితే ఆమె తప్పకుండా అడ్డం వస్తుంది. అమ్మమ్మ ఫలానా రోజు ఫలానా ఊళ్ళో ఉందని రాసిన ప్రతిసారీ, ఆ రోజు ఇంట్లో ఎవరున్నారని పక్కన రాసుకో. రెండు వరుసల్లో రాసుకుంటూ పోతే నీకే తెలుస్తుంది, ఇది ఒక్క ఆడమనిషి జీవితం కాదని.

ఆమె పేరు మాకెవరికీ తెలీదు. నమ్ముతావా? నా చేతికి అన్నం ముద్ద పెట్టిన మనిషి పేరు నాకు డెబ్బై ఏళ్ళు వచ్చేదాకా తెలీదు. అత్తయ్య, అమ్మమ్మ, అక్కయ్య, ఇవే పేర్లు. అప్పుడు దస్తావేజులు వెతికాను. 1927లో తాతయ్య ఆమెకి మనోవర్తి, అంటే బతకడానికి భరణం, రాసిచ్చాడు, రెండెకరాల మీద. అసలు కాగితం మన దగ్గర లేదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీయించాను. నీకూ పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలో ఉంటాయి, ఫీజు కడితే ఎవరైనా నకలు అడగొచ్చు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి, రాసినవాళ్ళు బతికుండగా వాటి నకలు వాళ్ళకో వాళ్ళ ఏజెంటుకో తప్ప ఇవ్వరు, వాళ్ళు పోయాక ఎవరైనా అడగొచ్చు. దస్తావేజు నంబరు తెలియకపోతే పేర్ల ఇండెక్సు ఉంటుంది, సంవత్సరం మాత్రం నువ్వే ఇంచుమించుగా చెప్పాలి. నాకు మూడు ట్రిప్పులు పట్టింది. మూడోసారి గుమాస్తా కుర్రాడికే జాలేసింది.

ఆ నకల్లో ఆమె పేరు చూశాను. పేరు చివర "నిశానీ" అని ఉంది. సంతకం రాదన్నమాట, 1927 కదా, అనుకున్నాను.

తరవాత ట్రంకుపెట్టె అడుగున 1946 నాటి భాగపరిష్కారం దస్తావేజు దొరికింది, అసలుదే. తాతయ్యా ఆయన తమ్ముళ్ళూ ఆస్తి పంచుకున్నది. వంటింటి అమ్మమ్మ మనోవర్తి కూడా అందులో వస్తుంది కాబట్టి ఆమె కూడా ఒప్పుకున్నట్టు గుర్తు పెట్టాలి. పెట్టింది. నీలం సిరా వేలిముద్ర, దాని చుట్టూ ఎవరో రాసిన ఆమె పేరు, నిశానీ. దానికి నాలుగు అంగుళాల కింద సాక్షుల వరసలో అమ్మమ్మ చేవ్రాలు. గుండ్రటి, అందమైన అక్షరాలు. ఊళ్ళో స్త్రీ సమాజంలో పదహారేళ్ళపాటు మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పిన చెయ్యి అది. సమాజం నివేదికలో నూట ఎనిమిది మందికి చదవడం, రాయడం నేర్పినట్టు లెక్క ఉంది. నువ్వు ఆ నివేదికను పుస్తకంలో వేస్తావు, వేయాలి కూడా.

ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మొదట అమ్మమ్మ మీద కోపం వచ్చింది. తరవాత, మధ్యాహ్నం పూట సమాజంలో క్లాసు జరిగే టైముకి మా ఇంట్లో రెండో విడత వంట జరుగుతుండేదని గుర్తొచ్చింది. అడిగి ఉంటుందేమో, ఆమే వద్దని ఉంటుందేమో. అడగనే లేదేమో. నాకు తెలీదు, నువ్వు కూడా తెలిసినట్టు రాయకు. దస్తావేజు ఆ పేజీని ఫోటో తీసి, పేజీ మొత్తం వేసెయ్. రెండు గుర్తులూ కనబడేలా. కింద వ్యాఖ్యానం అక్కర్లేదు.

మీ మామయ్యలు ఒప్పుకోరు. ఇంటి పరువు అంటారు. చిన్న మామయ్య కొడుకైతే ఇప్పటికే ఫోన్ చేసి, "అమ్మాయికి ఆ కాగితాలన్నీ ఇవ్వకు అత్తా, ఏదో ఒకటి రాసేస్తుంది" అన్నాడు. అందుకే నీకే ఇస్తున్నాను. టెన్షన్ పడకు. పుస్తకం అచ్చుకి వెళ్ళేముందు అందరికీ ఒకసారి చదివి వినిపించు. తేదీలు, వరసలు తప్పయితే దిద్దుకో. నచ్చలేదని చెప్పినవి వినిపించుకోకు. బతికున్నవాళ్ళ ఆస్తి తగాదాలు, పెళ్ళి గొడవలు మాత్రం వదిలెయ్, వాటితో తాతమ్మకి సంబంధం లేదు.

ట్రంకుపెట్టె తాళంచెవి ఈ కవర్లోనే టేపుతో అతికించాను. దరఖాస్తు నకలు పై అరలో ఉంది, దస్తావేజు గుడ్డలో చుట్టి అడుగున పెట్టాను, విప్పేటప్పుడు మడతల దగ్గర జాగ్రత్త. వంటింటి అమ్మమ్మ పేరు ఇక్కడ రాయలేదు. ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో విడిగా రాసి దస్తావేజులోనే పెట్టాను. అది నువ్వు చదివాక నాకు ఫోన్ చేసి, ఆ పేరు ఒకసారి పైకి అను. గట్టిగా అను, నాకు వినపడాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ